సంధి తర్వాత ఇరవై ఏళ్లు
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న సోదరులకు, పరదా అవతల ఉన్న సోదరీమణులకు, ముఖ్యంగా ఏడాదికోసారి గుర్తొచ్చినప్పుడు కాకుండా నెలనెలా ఈ సంస్థకు చేయందిస్తున్న దాతలకు మా సలాములు. బడి పంతుళ్ల చేతికి మైకు ఇస్తే పాఠం మొదలుపెడతారని మీకో భయం ఉంటుంది. ఆ భయం నిజమే. ఈ రోజు మేము చెప్పబోయేది చరిత్ర పాఠమే.

మా తరగతుల్లో పిల్లలు ఈ మధ్య తరచుగా ఎత్తుతున్న పేరు ఒకటుంది: ఉమర్ ముఖ్తార్. ఫోన్లలో ‘లయన్ ఆఫ్ ది డెజర్ట్’ అనే సినిమా ముక్కలు చూస్తున్నారు. ముస్తఫా అక్కాద్ తీసిన పాత సినిమా అది, ఉమర్ ముఖ్తార్‌గా ఆంథొనీ క్విన్ వేశారు. గుర్రం, తెల్లగడ్డం, తుపాకీ, చివర్లో ఉరికంబం, పిల్లల మనసులో నిలిచింది ఇంతే. ఆ గుర్రం మీది ముసలాయన వృత్తికి ఖురాన్ నేర్పే ఉపాధ్యాయుడని చెబితే వాళ్లకు ఆశ్చర్యం. ఆయన వెనకున్నది ఒక పెద్ద ధార్మిక సంస్థ, దాని బడులు, దాని ధర్మభూములు అని చెబితే ఇంకా ఆశ్చర్యం. ఆ రెండో సంగతి దాతల సభలో చెప్పడానికి తగినదని మాకు తోచింది.

కథ 1911లో మొదలవుతుంది. ఉత్తర ఆఫ్రికా తీరంలో ఫ్రాన్సుకు అల్జీరియా, ట్యునీషియా చిక్కాయి. ఈజిప్టు ఇంగ్లండు చేతిలో ఉంది. మధ్యలో మిగిలింది ఉస్మానియా ఖిలాఫత్ కింద ఉన్న త్రిపోలీ, బర్ఖా ప్రాంతాలు. ఈనాటి లిబియా అదే. మాకూ ఒక వలస రాజ్యం కావాలని ఇటలీ ఆ సంవత్సరం సెప్టెంబరు 29న యుద్ధం ప్రకటించింది. అక్టోబరులో ఓడలొచ్చి రేవు పట్టణాలను పట్టుకున్నాయి. నవంబరు 1న గావొత్తీ అనే ఇటలీ సైనికుడు విమానం నడుపుతూ త్రిపోలీ దగ్గరి ఒయాసిస్సుల మీద చేత్తో నాలుగు చిన్న బాంబులు జారవిడిచాడు. విమానం నుంచి బాంబు పడటం ప్రపంచంలో అదే మొదలు. ఈనాడు టీవీల్లో మనం చూస్తున్న ఆకాశం నుంచి దిగే చావు మొదట దిగింది ఆ ఖర్జూర తోటల మీదనే.

ఆ యుద్ధం మన దేశపు ముస్లింలను ఎంతగా కదిలించిందో ఇప్పటివాళ్లకు తెలియదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912 జులైలో కలకత్తా నుంచి ‘అల్ హిలాల్’ పత్రిక మొదలుపెట్టినప్పుడు త్రిపోలీ వార్తలకు అందులో పెద్ద పీట వేశారు. సైనికులకు మంచినీళ్లు అందిస్తూ అమరురాలైన ఫాతిమా బిన్త్ అబ్దుల్లా అనే చిన్నారి మీద అల్లామా ఇఖ్బాల్ కవిత రాశారు. ఊరూరా విరాళాలు పోగయ్యాయి. అంతలో 1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం వచ్చింది. పత్రికలు అటు తిరిగాయి, చందాలూ అటే తిరిగాయి. డాక్టర్ అన్సారీ గారి వైద్య బృందం ఆ సంవత్సరం చివర్లో బయల్దేరింది టర్కీకి. అందులో తప్పేమీ లేదు. గాయపడ్డవాళ్లు అక్కడా ఉన్నారు. కాని మరో యుద్ధం కమ్ముకోగానే ఖలీఫా ప్రభుత్వం ఇటలీతో చేతులు కలిపింది. 1912 అక్టోబరు 18న స్విట్జర్లాండ్‌లో లోజాన్ పక్కనున్న ఊషీలో సంధి పత్రం మీద సంతకాలైపోయాయి. లోకం దృష్టిలో త్రిపోలీ యుద్ధం అక్కడితో సరి.

ఆ సంధి తమాషా చూడండి. సుల్తాను, ‘మీకు స్వయంపాలన ఇచ్చాం’ అన్న భావంతో లిబియా ప్రజలకు ఒక ఫర్మానా పంపారు. ఇటలీ అయితే సంధికి ఏడాది ముందే ఆ నేల తనదేనని ప్రకటించేసుకుంది. ఒక ఇంటికి రెండు దస్తావేజులు. ఇంట్లో ఉన్నవాళ్లను మాత్రం ఇద్దరూ అడగలేదు. ఉస్మానియా సైన్యం సర్దుకుని వెళ్లిపోయింది. ఎడారిలో గుడారాలు వేసుకుని గొర్రెలూ ఒంటెలూ మేపుకునే జనం మిగిలారు, వాళ్ల మీదికి ఫిరంగులతో వచ్చిన పరాయి సైన్యం మిగిలింది.

సుల్తాను వెళ్లిపోయాక కూడా ఆ జనం చెల్లాచెదురు కాకపోవడానికి కారణం సనూసీ సంస్థ.

అల్జీరియాలోని ముస్తగానిమ్‌లో పుట్టిన సయ్యద్ ముహమ్మద్ బిన్ అలీ సనూసీ గారు 1843లో బర్ఖా కొండల్లో, అల్ బైదా అనే చోట మొదటి జావియా కట్టించారు. జావియా అంటే మన భాషలో ఒక్క మాట దొరకదు. మసీదు, మక్తబ్, ముసాఫిర్‌ఖానా, ధాన్యపు కొట్టు, పంచాయితీ అరుగు, ఇవన్నీ ఒకే ప్రాకారంలో ఉన్నాయనుకోండి, అదీ జావియా. ఒక తెగవాళ్లు మాకూ ఒకటి కావాలనుకుంటే తామే రాళ్లు మోసి కట్టుకునేవారు. కొంత పొలం, ఒక బావి వక్ఫ్‌గా రాసిచ్చేవారు. అప్పుడు సనూసీ పెద్దలు ఒక షేఖును పంపేవారు. ఆయన పిల్లలకు చెక్క పలకల మీద ఖురాన్ రాయించేవారు. మన తాతల కాలంలో తఖ్తీ అనేవాళ్లే, అలాంటి పలకలే. రెండు తెగల మధ్య బావి దగ్గర తగాదా వస్తే ఆయనే తీర్చేవారు. సహారా దాటి వచ్చే వర్తక బిడారులకు రాత్రి బస అక్కడే, రొట్టె అక్కడే. పంటలో మిగిలింది కేంద్రానికి పంపేవారు. కేంద్రం జఘ్‌బూబ్ అనే ఒయాసిస్సు. అక్కడి గ్రంథాలయంలో దాదాపు ఎనిమిది వేల సంపుటాలు ఉండేవంటారు. ఎటు చూసినా ఇసుక, నడుమ ఎనిమిది వేల పుస్తకాలు! ఒక్క బర్ఖాలోనే ఇలాంటి జావియాలు నలభైకి పైగా ఉండేవి.

ఉమర్ ముఖ్తార్ ఈ వ్యవస్థ పెంచిన బిడ్డ. మినిఫా తెగలో, తుబ్రుఖ్ దగ్గర, 1860 ప్రాంతంలో పుట్టారు. తండ్రి హజ్ దారిలో కన్నుమూశారు. ఆ తర్వాత చదువంతా జావియాలోనే, పై చదువు జఘ్‌బూబ్‌లో. చదువయ్యాక జబల్ అఖ్దర్, అంటే పచ్చని కొండ ప్రాంతంలో, ఖుసూర్ జావియాకు షేఖుగా పంపారు. కొంతకాలం దక్షిణాన ఛాద్ ప్రాంతానికి కూడా పంపారు, ఫ్రెంచి సేనలు అటు వస్తున్న రోజుల్లో. తిరిగి వచ్చి మళ్లీ అదే బడి, అదే పలకలు. ఒక యతీముకు అన్నం పెట్టి అక్షరం నేర్పితే అతను ఏమవుతాడో అన్నం పెట్టేవాళ్లకు ముందుగా తెలియదు. మన యతీమ్‌ఖానా పిల్లలు ఇందాక ఈ వేదిక మీద ఖిరాత్ చదివినప్పుడు మాకు అదే గుర్తొచ్చింది.

సంధి తర్వాతి పదేళ్లను తొందరగా దాటేస్తాం. సయ్యద్ అహ్మద్ షరీఫ్ నాయకత్వంలో పోరు సాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా వారి మాట మీద ఆయన ఈజిప్టులో ఇంగ్లీషువాళ్ల మీదికి వెళ్లి దెబ్బతిన్నారు. ఆ తర్వాత నాయకత్వం సయ్యద్ ఇద్రీస్ గారికి వచ్చింది. ఆయన నెమ్మదస్తులు. ఇటలీతో ఒప్పందాలు చేసుకున్నారు. 1920లో రజ్మా ఒప్పందం ప్రకారం లోపలి ప్రాంతాలకు ఆయన అమీరు, తీరం ఇటలీది. కొన్నేళ్లు శాంతి. బిడారులు నడిచాయి, విత్తనాలు పడ్డాయి. ఇద్రీస్ గారు పిరికివారని విసిరేసేవాళ్లున్నారు. మేము అలా అనం. కరువుతో, యుద్ధంతో నలిగిన జనానికి ఆ కొన్నేళ్ల ఊపిరి ఆయన ఒప్పందాల వల్లే దొరికింది.

1922 అక్టోబరులో రోములో ముస్సోలినీ గద్దెనెక్కాడు. ఆ ఏడాది చివర్లో ఇద్రీస్ గారు ఈజిప్టు వెళ్లిపోయారు. మరుసటి వసంతంలో ఇటలీ తను రాసిన ఒప్పందాలను తానే చించేసింది. అప్పటికి ఉమర్ ముఖ్తార్‌కు అరవై దాటాయి. కైరో వెళ్లి ఇద్రీస్ గారిని కలిసి, వెనక్కి వచ్చి, కొండల్లో పోరాటాన్ని మళ్లీ కూడగట్టారు. ఆ వయసులో మన ఊళ్లో పెద్దాయన అయితే మనవళ్లను ఆడిస్తూ ఉంటారు.

ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక పోలిక తడుతుంది, మేము చెప్పకుండానే. అల్లూరి సీతారామరాజు గారు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది 1922 ఆగస్టులో. అటు ఎడారి కొండలు, ఇటు మన్యం కొండలు, కాలం ఒకటే. స్టేషన్లో ఏయే ఆయుధాలు తీసుకున్నదీ కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్లడం రామరాజు గారి పద్ధతి. అదే క్రమశిక్షణ అక్కడా కనిపిస్తుంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. నేలను పోగొట్టుకున్నవాళ్ల మనసు ఎక్కడైనా ఒకటే కదా.

ఉమర్ ముఖ్తార్ దళాలను ‘దౌర్’లు అనేవారు. తెగకో దౌర్. ఏ సమయంలోనూ అన్ని దళాల్లో కలిపి కొండల్లో తిరిగేవాళ్లు వెయ్యి మందికి అటూ ఇటూ. ఎదుట పదుల వేల సైన్యం, విమానాలు, సాయుధ మోటార్లు. ఆ వెయ్యి మంది తొమ్మిదేళ్లు ఎలా నిలబడ్డారు? ఇటలీ అధికారులు తామే ఒక మాట అనుకునేవారు, ఇక్కడ పగలు మన ప్రభుత్వం, రాత్రి ఉమర్ ముఖ్తార్ ప్రభుత్వం అని. పగలు లొంగిపోయినట్టు కాగితాల్లో ఉన్న తెగలే రాత్రి దళాలకు బార్లీ పంపేవి. గుర్రం పంపేవి. చనిపోయినవాడి చోటికి ఇంకో కుర్రాణ్ని పంపేవి. షరీఅత్ ప్రకారం ఇవ్వాల్సిన జకాత్, ఉష్ర్ ఆ దళాలకే చేరేవి, పుచ్చుకున్నదానికి రసీదులు కూడా ఇచ్చేవారు. తగాదాలకు ఖాజీ తీర్పు ఉండేది. ఈజిప్టు నుంచి టీ, చక్కెర, బియ్యం బిడారుల మీద వచ్చేవి. కొండ గుహల్లో దాక్కుని, రేపు ఉంటామో లేదో తెలియని మనుషులు లెక్క రాసి రసీదు చింపి ఇవ్వడం! మాకైతే ఆ సినిమాలోని యుద్ధ దృశ్యాలన్నిటికంటే ఈ ఒక్క సంగతే గొప్పగా అనిపిస్తుంది. దోపిడీ ముఠాకు రసీదు పుస్తకంతో పనిలేదు. రేపటికి జవాబు చెప్పాలనుకునేవాడే రసీదు ఇస్తాడు.

అలాగని అందరూ ఒక్కతాటి మీద ఉన్నారని చెబితే అది చరిత్ర కాదు, బుర్రకథ అవుతుంది. ఇటలీ సైన్యంలో ఎరిత్రియా నుంచి తెచ్చిన సైనికులే కాదు, లిబియా ముస్లింలూ జీతానికి పనిచేశారు. ఒకే గుడారంలో పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు అటు, ఒకడు ఇటు. సనూసీ కుటుంబంలోనే కొందరు పెద్దలు లొంగిపోయారు. 1929 జూన్‌లో సిదీ రహూమా దగ్గర గవర్నరు బడోలియో, ఉమర్ ముఖ్తార్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. కాల్పులు ఆగాయి. ఆయన మాట్లాడటానికి ఒప్పుకున్నారన్నది ముఖ్యం. యుద్ధం కోసం యుద్ధం చేసే మనిషి కాదాయన. కాని బడోలియో ఆ సమావేశాన్ని లొంగుబాటుగా లోకానికి చాటాడు. అది అబద్ధమని ఉమర్ ముఖ్తార్ రాసిన ఉత్తరం ఈజిప్టు పత్రికల్లో వచ్చింది. ఆ సంవత్సరం చివరికి పోరు మళ్లీ రాజుకుంది.

1930 మార్చిలో జనరల్ గ్రాజియానీ వచ్చాడు. ఇతను మనసు పెట్టి గమనించాడు. కొండల్లోని వెయ్యి మంది వెనక పరుగెత్తడం దండగ, వాళ్లకు అన్నం పెట్టేదాన్ని కొట్టాలి అనుకున్నాడు. మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆ మే నెలాఖరులో జావియాలన్నిటినీ ఒక్కసారిగా మూసేయించాడు. షేఖులను, అంటే బడి పంతుళ్లను, పట్టి ఓడెక్కించి సిసిలీ పక్కనున్న ఉస్తికా ద్వీపానికి తరలించాడు. ఆ సంవత్సరం ముగిసేలోగా వక్ఫ్ భూములన్నీ ఇటలీ ప్రభుత్వం జప్తు చేసుకుంది. ఒక విషయం మీరు గమనించాలి. దానధర్మాల విలువ కొన్నిసార్లు ఇచ్చేవాళ్లకంటే, పుచ్చుకునేవాళ్లకంటే, దాన్ని పగలగొట్టడానికి వచ్చినవాడికే బాగా అర్థమవుతుంది.

తర్వాతి సంగతి చెప్పడం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి.

1930 వేసవిలో జబల్ అఖ్దర్ జనాన్ని, ముసలీ ముతకా, చూలింతలు, చంటిపిల్లలు అని చూడకుండా, గుడారాలతో పశువులతో సహా లేపి ఎడారి అంచుకు నడిపించారు. దాదాపు లక్ష మంది, అంటే బర్ఖా జనాభాలో సగం దాకా. ఈజిప్టు సరిహద్దు వైపున్న కొన్ని తెగలనైతే వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిపించారు. సులూఖ్, మగ్రూన్, బ్రేగా, అగైలా, ఇలా చుట్టూ ముళ్లతీగ వేసిన శిబిరాల్లో కుక్కారు. పోరాటవీరుల బంధువులను అగైలాలో పెట్టారు, అన్నిటికంటే ఘోరమైనది అదే. మేపడానికి బయటికి వదలక మందలు చచ్చాయి. పదింట తొమ్మిది వంతుల పశువులు పోయాయని అంచనా. పశువు పోతే ఆ జనానికి పాలు లేవు, మాంసం లేదు, కట్టుకోవడానికి ఉన్ని లేదు. ఆకలి, టైఫస్ లాంటి జ్వరాలు, రోడ్ల పనికి వెట్టిచాకిరీ. మూడు నాలుగేళ్లలో నలభై వేల మంది పోయారని కొందరు, అరవై డెబ్బై వేలని కొందరు చరిత్రకారులు లెక్క కడుతున్నారు. అలీ అబ్దుల్లతీఫ్ అహ్మీదా అనే లిబియా పరిశోధకుడు ఆ శిబిరాల్లో బతికి బయటపడ్డ ముసలివాళ్ల నోటి మాటలు ఏళ్ల తరబడి సేకరించి 2020లో పుస్తకం తెచ్చారు. అగైలాలో బందీగా ఉన్న రజబ్ బూహువైష్ అనే ఆయన అక్కడి బతుకు మీద అల్లిన పెద్ద కవిత లిబియాలో ఈనాటికీ నోటికి చెప్పేవాళ్లున్నారు. కవిగారు కూడా మినిఫా తెగవారే, జావియాలో చదువుకున్నవారే.

1931లో సముద్రం నుంచి జఘ్‌బూబ్ దాకా సరిహద్దు పొడవునా సుమారు 270 కిలోమీటర్ల ముళ్లకంచె లేచింది. ఈజిప్టు బిడారులు ఆగిపోయాయి. కొండల్లోని దళాలకు ఇక టీ లేదు, బార్లీ లేదు, తూటా లేదు. రాత్రి ప్రభుత్వానికి ప్రజలే లేరు, అందరూ కంచెల్లో ఉన్నారు.

సెప్టెంబరు 11న స్లంతా దగ్గర జరిగిన చిన్న ఘర్షణలో ఉమర్ ముఖ్తార్ గుర్రం కూలింది. కింద పడ్డ ఆయనను పట్టుకున్నారు. ఓడలో బెంఘాజీకి తెచ్చారు. 15వ తేదీ సాయంత్రం ప్రత్యేక న్యాయస్థానం కూర్చుంది. విచారణంతా గంటకు కాస్త ఎక్కువ. తీర్పు ముందే రాసిపెట్టుకున్న విచారణ అది. మరునాడు, 16న, సులూఖ్ శిబిరంలో, చుట్టుపక్కల శిబిరాల నుంచి తోలుకొచ్చిన దాదాపు ఇరవై వేల మంది ఎదుట ఉరితీశారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

ఆ విచారణలో తేలాల్సిన చిక్కు ప్రశ్న ఒక్కటే. ఈయన యుద్ధఖైదీనా, తిరుగుబాటుదారా? యుద్ధఖైదీ అయితే ఉరి తీయకూడదు. ఇటలీ వాదన ఏమిటంటే, యుద్ధం 1912లోనే అయిపోయింది, ఈ నేల మాది, ఇందులో ఉన్నవాళ్లు మా ప్రజలు, మా మీద తుపాకీ ఎత్తినవాడు ద్రోహి. ఉమర్ ముఖ్తార్ తాను ఇటలీకి ఏనాడూ లొంగలేదని చెప్పారు. లొంగనివాడు ద్రోహి ఎలా అవుతాడు? ఆయన తరఫున నియమించిన ఇటలీ సైనికాధికారి కెప్టెన్ రొబెర్తో లొంతానో ఈ మాట గట్టిగానే పట్టుకుని, మరణశిక్ష వద్దని వాదించారు. నామమాత్రంగా నిలబడమంటే నిజంగా నిలబడ్డారు. అందుకు ఆయనకు పది రోజుల నిర్బంధం శిక్షగా పడింది. పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు మేము ఈ ఇటలీ కెప్టెన్ పేరు కూడా బోర్డు మీద రాయిస్తాం. ఎదుటి జాతి మొత్తాన్ని ఒకే గాట కట్టకూడదని నోటితో చెప్పడం కంటే ఈ పేరు రాయించడం మేలు.

సంధి జరిగాక ఆక్రమణదారుల మీద ఆయుధం పట్టినవాళ్లకు చట్టంలో చోటు దొరకడానికి ఇంకో ప్రపంచ యుద్ధం కావలసి వచ్చింది. ఐరోపాలోనే ఫ్రాన్సులో, యుగోస్లావియాలో జర్మన్లకు ఎదురు తిరిగిన దళాలు వచ్చాక, 1949 జెనీవా ఒప్పందాల్లో, ఆక్రమిత నేలలో పోరాడే దళాల వారిని కూడా యుద్ధఖైదీలుగా చూడాలని రాసుకున్నారు. ఊరికే కాదు, షరతులున్నాయి. బాధ్యత వహించే నాయకుడు ఉండాలి, దూరం నుంచే గుర్తుపట్టే చిహ్నం ఉండాలి, ఆయుధం దాచకుండా బహిరంగంగా మోయాలి, యుద్ధ నియమాలు పాటించాలి. మామూలు జనంలో కలిసిపోయి జనాన్నే చంపేవాడికి ఆ రక్షణ లేదు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపకండి, ఫలవృక్షాలు నరకకండి అని హజ్రత్ అబూబకర్ (రజి) తన సైన్యానికి చెప్పి పంపిన సంగతి మన మక్తబ్ పిల్లలకు తెలుసు. ఫోన్లో తుపాకీ బొమ్మ చూసి ఉబ్బిపోయే కుర్రాడికి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించడం మా పని. అది చూపించేవాళ్లు ఊళ్లో లేకపోతే ఆ కుర్రాడు మిగతాది ఫోన్ దగ్గరే నేర్చుకుంటాడు. అక్కడ నేర్పేవాళ్లు ఎవరో, వాళ్ల ఉద్దేశం ఏమిటో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఉమర్ ముఖ్తార్ తర్వాత దళాలను నడిపిన యూసుఫ్ బూ రహీల్ డిసెంబరులో నేలకొరిగారు. 1932 జనవరి 24న బడోలియో తిరుగుబాటు ముగిసిందని ప్రకటించాడు. ఊషీ సంధికి ఇరవై ఏళ్లు నిండటానికి కొన్ని నెలలే తక్కువ. జావియా భూముల్లో ఇటలీ రైతులకు పల్లెలు కట్టారు. మొదటి జావియా వెలిసిన అల్ బైదాలోనే బేదా లిత్తోరియా అని ఒక పల్లె. 1938లో ఒక్క విడతలోనే ఇరవై వేల మందిని ఓడల్లో దించారు. అయిదేళ్లు గడవకుండానే ఇటలీ ఆ దేశాన్నే పోగొట్టుకుంది. బర్ఖాను ఇటలీ, జర్మనీల నుంచి విడిపించిన సైన్యాల్లో మన భారతీయ నాలుగో డివిజన్ కూడా ఉంది, దెర్నా పట్టుకున్నది వాళ్లే. 1951 డిసెంబరు 24న లిబియా స్వతంత్రమైంది, నెమ్మదస్తుడైన ఆ ఇద్రీస్ గారే రాజు. 2008లో ఇటలీ ప్రధాని బెంఘాజీ వెళ్లి క్షమాపణ చెప్పి, ఇరవై ఏళ్లలో 500 కోట్ల డాలర్ల పనులు చేస్తామని ఒప్పందం రాశారు. అక్కాద్ సినిమాను ఇటలీలో 1982 నుంచి చూపించనివ్వలేదు, 2009లో గానీ టీవీలో రాలేదు. ఇప్పుడు అల్ బైదాలో ఉన్న విశ్వవిద్యాలయం పేరు ఉమర్ అల్ ముఖ్తార్ విశ్వవిద్యాలయం.

ఇక మన ఇంటి మాట ఒకటి చెప్పి ముగిస్తాం. దాతలు కోపగించుకోకూడదు. మన దగ్గర గది కట్టించడానికి ముందుకొచ్చేవాళ్లు దొరుకుతారు. గోడ మీద పాలరాయి పలక ఉంటుంది, తల్లిదండ్రుల పేరు ఉంటుంది, దువా దొరుకుతుంది, మంచిదే. ఆ గదిలో నిలబడి పాఠం చెప్పే మనిషికి నెలనెలా ఇవ్వడానికి మాత్రం దాతలు కరువు. జీతానికి పాలరాయి పలక ఉండదు కదా. సాయంత్రం మక్తబ్‌లో చెప్పే ఇద్దరు మౌల్వీలు, లెక్కలూ ఇంగ్లీషూ చెప్పే ముగ్గురు ఆడపిల్లలు, వీళ్లకు ఇస్తున్నది రానుపోను ఖర్చులకు సరిపోతే గొప్ప. లోపం ఎవరి మీదా వేయడం లేదు, ఇది చాలా ఊళ్లలో ఉన్నదే. బర్ఖా తెగలవాళ్లు జావియా కట్టి ఊరుకోలేదు. పొలమూ బావీ కలిపి రాసిచ్చారు, షేఖు తిండికి వెతుక్కోకుండా పిల్లల ముందు కూర్చోవాలని. అందుకే సుల్తాను వదిలేసి వెళ్లినా బడి నడిచింది, బడి ఉన్నంతకాలం జనం నిలిచారు.

కార్యవర్గం ఈ ఏడాది ఉపాధ్యాయుల కోసం వేరే నిధి తెరిచింది. నెలకు ఎంతైనా సరే, పెద్ద మొత్తం కానక్కరలేదు, ఆగకుండా వస్తే చాలు. వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క వచ్చే సంవత్సరం సావనీరులో అచ్చవుతుంది. రసీదు పుస్తకాలు ద్వారం దగ్గర నిలబడ్డ పదో తరగతి పిల్లల చేతుల్లో ఉన్నాయి.